నెమ్ముకి మందు కొట్టేముందు నీళ్ళ దారి చూడండి



ఈసారి రాసేది పంట గురించి కాదు, నెమ్ము గురించి. గోడకి పట్టే నెమ్ము, నేల కింద దాక్కునే నెమ్ము, బస్తా అడుగున చేరే నెమ్ము. పోస్టు కాస్త పెద్దది. తీరిక చూసుకుని చదవండి, మధ్యలో వదిలేయకండి. మొదలు సీమదేశం సంగతైనా చివరికొచ్చేది మన వీధిలోకే.

వరి ఆకు పసుపుపచ్చబడిందనుకోండి. జింకు చాలక కావచ్చు, నత్రజని చాలక కావచ్చు, నీళ్ళు నిలబడి వేరుకి ఊపిరాడక కావచ్చు. మొక్క పీకి వేరు చూసినవాడికి కారణం తెలుస్తుంది. చూడకుండా మందుల షాపుకి పోయినవాడికి మాత్రం, షాపులో ఏ డబ్బా ఉంటే అదే జబ్బవుతుంది. ఇంటికీ ఇదే లెక్కని నేను ఇంగ్లండులో మా అమ్మాయి ఇంట్లో కళ్ళారా చూశాను. ఆ లెక్క మీద మా కాలవగట్టు అరెకరం నిలబడింది. అందుకే రాస్తున్నాను.

మా అమ్మాయి, అల్లుడు గారు రెడింగ్ అనే ఊళ్ళో ఉంటారు. లండన్‌కి పడమర, స్పీడు రైల్లో అరగంట లోపే. మన తెలుగు పిల్లలు అక్కడ చాలామందే ఉన్నారు. అప్పు చేసి పాత ఇల్లొకటి కొనుక్కున్నారు. 1900 ప్రాంతంలో కట్టిన ఎర్ర ఇటుక ఇల్లు. ఆ వీధి పొడుగునా ఇళ్ళన్నీ ఒకదాని భుజం ఒకటి ఆనుకుని వరసగా ఉంటాయి. అమ్మాయి పురుటికని నేనూ మా ఇంటావిడా అక్టోబరులో వెళ్ళి మార్చి దాకా ఉన్నాం.

ముందు ఆ ఇంటి నేల ఎలా ఉంటుందో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మనం ఇల్లు కడితే పునాదిలో మట్టీ ఇసకా నింపి, దిమ్మిస కొట్టి, పైన గచ్చో బండలో వేస్తాం. మన నేల మట్టి మీదే కూర్చుంటుంది. వాళ్ళ పాత ఇళ్ళలో అలా కాదు. మట్టికి ఎత్తుగా దూలాలు పరిచి, వాటి మీద చెక్క పలకలు కొడతారు. దూలాల కింద అడుగో రెండడుగులో ఖాళీ. దూలాలు మధ్యలో వంగకుండా ఆ ఖాళీలో చిన్న చిన్న ఇటుక గోడలుంటాయి. వాటిని కూడా నిండుగా కట్టరు, ఇటుక విడిచి ఇటుక పెట్టి జాలీలాగా కడతారు. ఎందుకంటే గాలి దూరి పోవాలి. బయటి గోడకి ముందూ వెనకా కిందివరసల్లో చిల్లుల ఇటుకలు పెడతారు. వాటిని ఎయిర్ బ్రిక్ అంటారు. ముందు చిల్లుల్లో దూరిన గాలి దూలాల కింద నుంచి నడిచి వెనక చిల్లుల్లో బయటపడుతుంది.

పెద్దవాళ్ళకి చెక్క గాదె గుర్తుండే ఉంటుంది. ధాన్యం గాదెని నేల మీద పెట్టేవాళ్ళా? లేదు. నాలుగు మూలలా రాళ్ళు పెట్టి పైకెత్తి పెట్టేవాళ్ళు. కింద పిల్లి దూరేంత సందు. గాదె కింద పందికొక్కు అనే మాట ఆ సందులోంచి పుట్టిందే. పందికొక్కు బాధ ఉన్నా సరే ఆ సందు మాత్రం మూసేవాళ్ళు కాదు. ఆ ఇంగ్లండు ఇల్లు మొత్తం ఒక పెద్ద గాదె అనుకోండి, అంతే.

చెక్కకి ఇంకో రక్షణ కూడా ఉంది. గోడలో, చెక్క నేల కింద, ఒక వరస పలచటి స్లేటు రాయి పరుస్తారు. అడుగు నుంచి ఇటుక నీళ్ళు పీల్చుకున్నా ఆ స్లేటు దగ్గర ఆగిపోవాలి. మనవాళ్ళు పునాది మీద డి.పి.సి. బెడ్డు వేస్తారే, అదే పని. బయటి నేల ఆ స్లేటు వరసకి కనీసం 150 మిల్లీమీటర్లు, అంటే ఆరంగుళాలు, కిందుండాలని అక్కడి పద్ధతి. వాన చినుకు నేలని కొట్టి ఎగిరినా స్లేటు పైకి తగలకూడదని.

ఇక సంగతిలోకొస్తాను. ఆ ఇంట్లో అడుగుపెట్టగానే మా ఇంటావిడ, ఏవండీ, బియ్యం ముక్కిన వాసనొస్తోంది, అంది. వంటింట్లో బియ్యం డబ్బా చూస్తే బానే ఉంది. వాసన ముందు గదిలోంచి వస్తోంది. కిటికీ దగ్గర నిలబడితే కాలి కింద పలక కొంచెం దిగి లేస్తోంది. గోడ అడుగున రంగు పొక్కులు లేచింది. పుట్టబోయే పిల్ల నాలుగు రోజులు పోతే ఈ నేల మీదే పాకాలి. బూజు, నెమ్ము పసిపిల్లల ఊపిరికి మంచివి కావని మనందరికీ తెలుసు. అమ్మాయి బెంగ పెట్టుకుంది.

అల్లుడు గారు ఒక కంపెనీని పిలిచారు. నెమ్ము పరీక్ష ఉచితం అని వాళ్ళ ప్రకటన. పేరు అక్కర్లేదు మనకి. ఒకతను వచ్చాడు, చేతిలో రెండు సూదుల మీటరు. గోడకి గుచ్చాడు, కుయ్యిమంది. ఇంకోచోట గుచ్చాడు, మళ్ళీ కుయ్యిమంది. అరగంటలో వెళ్ళిపోయాడు. పలక ఒక్కటి కూడా ఎత్తలేదు. మూడో రోజు లెక్క పంపించారు. కింది గోడలన్నిటికీ వరసగా బెజ్జాలు వేసి రసాయనం ఎక్కిస్తారట, సున్నం పూత మొత్తం చెక్కి కొత్తది వేస్తారట, నేల కింద చెక్కంతటికీ బూజు మందు కొడతారట. ఏడు వేల ఎనిమిది వందల పౌండ్లు. మన డబ్బులో ఎనిమిది లక్షల పైచిలుకు.

ఇంటి అప్పు వాయిదాలు, వచ్చే పురుడు, అమ్మాయికి జీతం తగ్గే నెలలు. వాళ్ళ దగ్గర అంత లేదు. ఆ రాత్రి అమ్మాయి నసుగుతూ అడిగింది, నాన్నా, కాలవగట్టు అరెకరం ఎవరో అడుగుతున్నారన్నావుగా అని. మా ఇంటావిడ నా మొహం వంక చూసింది. పిల్ల అడిగితే కాదనలేం. కానీ ఆ అరెకరం మా నాన్న చెమట. అమ్మితే మళ్ళీ కొనగలిగేది కాదు.

నేను ఒక్కటే అన్నాను. అమ్మా, అవసరమైతే అమ్ముదాం. కానీ జబ్బు చెప్పినవాడే మందు అమ్మేవాడైతే, మందు కొనేముందు ఇంకొకర్ని అడగాలి. పలక ఎత్తకుండా నేల కింద ఏముందో అతనికెలా తెలిసింది?

మర్నాడు పొద్దున్నే బయట తిరిగి చూశాను. పక్కింటి ముందు గోడకి కింద రెండు చిల్లుల ఇటుకలు బాగా కనిపిస్తున్నాయి. మనింటికి ఏవి? వంగి చూస్తే ఒకటి సగం కనపడింది, మిగతా సగం నేలలో ఉంది. రెండోది మొత్తం కప్పడిపోయింది. సంగతేంటంటే, ఇంతకు ముందున్నవాళ్ళు కారు పెట్టుకోవడానికి ముందు జాగా మెరక చేసి బండలు పరిచారు. వెనక వంటిల్లు ఇంటికంటే సన్నంగా ఉంటుంది, దాని పక్కన చిన్న సందు. వెనకవైపు చిల్లుల ఇటుకలు ఆ సందులోకే ఉండాలి. అక్కడా బండలు పరిచేసి ఉన్నాయి. పైగా చూరు కింద వాన నీళ్ళు పట్టుకునే తొట్టికి ఒక అతుకు దగ్గర చుక్కలు పడుతూ, గోడ మీద పచ్చగా పాచి చార.

అల్లుడు గారిని పిలిచి అడిగాను. ఇంటి కింద గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందండీ అని. మావయ్య గారూ, ఇక్కడి పద్ధతులు వేరు, అన్నారు. పద్ధతి వేరే కావచ్చండీ, నీళ్ళూ గాలీ ఒకటే కదా, అన్నాను. ఆయన మంచివాడు, కోప్పడలేదు. ఏ మందూ అమ్మని సర్వేయర్ని ఒకాయన్ని వెతికి పట్టుకున్నారు. అక్కడ సర్వేయరంటే పొలం కొలిచేవాడు కాదు, ఇల్లు పరీక్ష చేసి కాగితం రాసిచ్చేవాడు. ఫీజు తీసుకుంటాడు, అంతవరకే అతని లాభం.

ఆ పెద్దాయన ముందు ఇల్లు చుట్టూ తిరిగాడు. తర్వాత కిటికీ దగ్గర రెండు పలకలు ఎత్తి టార్చిలైటు వేశాడు. అప్పుడు చూశాం కింద ఏముందో. పాత ఇటుక ముక్కలు, చెక్క ముక్కలు, ఎప్పటివో సిమెంటు గడ్డలు, దూలాలకి తగిలేదాకా పోసున్నాయి. ఎవరో పని చేయించి చెత్త బయట పారేయకుండా నేల కిందకి తోసేశారు. ఆ ముక్కిన వాసన గుప్పుమంది.

ఆయన మీటరు దూలం మధ్యలో గుచ్చితే 17 వచ్చింది. ముందు గోడలో దూరిన దూలం కొసలో 27. సందు వైపు కొసలో 29. కొనుగోలు కేంద్రంలో ధాన్యం తేమ 17 దాటితే మన గుండె ఎలా కొట్టుకుంటుందో, చెక్కకి 20 దాటితే అలా కొట్టుకోవాలట. 20 లోపు ఉంటే కుళ్ళు పట్టదు. దాటి చాలాకాలం ఉంటే పడుతుంది.

కంపెనీ అతని మీటరు గోడలో కుయ్యిమన్నది కదా, అదేంటని అడిగించాను. ఆయన నవ్వి చెప్పాడట. ఈ మీటరు చెక్క కోసం చేసింది. సూదుల మధ్య కరెంటు ఎంత పారుతుందో చూసి తేమ లెక్క కడుతుంది. గోడలో ఉప్పు ఉన్నా కరెంటు పారుతుంది, మీటరు దాన్నీ నీళ్ళే అనుకుంటుంది. గోడ మీద అది చూపే అంకె నిజం అంకె కాదు అని. మనకిది కొత్తేం కాదు. మీటరులో వరి నొక్కి మొక్కజొన్న పోస్తే ఏ అంకె వస్తుందో తెలిసిందే కదా. మీటరు అబద్ధం చెప్పదు, కానీ దాన్ని ఏం అడిగామో చూసుకోవాలి.

ఇక ఆయన తేల్చింది ఏంటంటే. స్లేటు వరస చెక్కుచెదరలేదు. గోడల్లోకి రసాయనం అక్కర్లేదు. బయట మెరక స్లేటు కంటే పైకొచ్చింది కాబట్టి నీళ్ళు స్లేటుని దాటి పై ఇటుకల్లోకి పోతున్నాయి. గట్టు ఎంత గట్టిగా ఉన్నా పక్క చేలో నీళ్ళు గట్టు ఎత్తు దాటితే ఏమవుతుంది? అదే. రెండోది, తొట్టి కారడం. మూడోది, అసలుది, కింద గాలి ఆగిపోవడం.

గాలి ఆగితే ఏమవుతుందో కొంచెం వివరంగా చెప్తాను. ఇంటి కింద మట్టి పైకి ఎండినట్టు కనపడ్డా లోపలి చెమ్మని ఎప్పుడూ పైకి వదులుతూనే ఉంటుంది. చెక్క ఇళ్ళు ఎక్కువున్న న్యూజిలాండులో కొలిచి చూశారు. చదరపు మీటరు మట్టి నుంచి రోజుకి సగటున 0.4 లీటరు దాకా ఆవిరై లేస్తుందని తేల్చారు. 100 చదరపు మీటర్ల ఇల్లయితే 40 లీటర్లు. అంటే రోజుకి రెండు ట్యాంకులు, మందు కొట్టే మన స్ప్రేయరు ట్యాంకులు, ఇంటి కింద ఎవరో నిలబడి పిచికారీ చేస్తున్నట్టు! గాలి నడుస్తుంటే ఆ ఆవిరిని మోసుకుపోతుంది. గాలి ఆగితే అది దూలాలకే పడుతుంది. ధాన్యం ఎలా చుట్టూ ఉన్న గాలిని బట్టి తేమ తీసుకుంటుందో, వదులుతుందో, చెక్క కూడా అలాగే. ఎండబెట్టిన ధాన్యం ముసురులో మళ్ళీ తేమెక్కడం మనం చూడట్లేదా?

తేమెక్కిన చెక్కని తినడానికి రెండు రకాల బూజులున్నాయని చెప్పాడు. ఒకటి తడిచిన చోటే తిని అక్కడే ఆగేది. రెండోదాన్ని డ్రై రాట్ అంటారు, పొడి కుళ్ళు. చెక్కని పొడిబారిన చిన్న చిన్న దిమ్మల్లా పగలగొడుతుంది కాబట్టి ఆ పేరు, కానీ దానికీ తడే ప్రాణం. ఇటుక గోడల మీదుగా పోగులు పాకించి ఇంకో గదిలో చెక్కని కూడా పట్టుకోగలదు. దాని శాస్త్రీయ నామం సెర్పులా లాక్రిమాన్స్. లాక్రిమాన్స్ అంటే లాటిన్‌లో కన్నీళ్ళు కార్చేది. పెరిగే చోట నీటి బొట్లు కారుస్తుంది. ఇది మన హిమాలయాల అడవుల్లో కూడా దొరికింది. చల్లటి తావులంటేనే దానికిష్టం, మన కోస్తా ఎండలు గిట్టవు. అదృష్టం బాగుండి అమ్మాయి వాళ్ళింట్లో ఉన్నది మొదటి రకమే. నాలుగు దూలాల కొసలు మాత్రమే మెత్తబడ్డాయి.

చేయించిన పని చెప్తాను. ముందు వైపు గోడ పొడుగునా తొమ్మిదంగుళాల వెడల్పున బండలు కోసి తీసేసి, చిల్లుల ఇటుకల కంటే కిందకి తవ్వి కంకర నింపారు. సందులో బండలన్నీ లేపి నేల దించారు. తొట్టి అతుకు మార్చారు. నేల కింద చెత్త పదకొండు బస్తాలు ఎత్తి పారేశారు. నాలుగు దూలాల కుళ్ళిన కొసలు కోసేసి, మందు పట్టించిన కొత్త చెక్క పక్కన జోడించి బోల్టులు బిగించారు. ఇటుకకి తగిలే కొసకి నీళ్ళు దిగని షీటు చుట్టారు. సర్వేయరు ఫీజుతో కలిపి రెండు వేల మూడొందల పౌండ్ల లోపు. అరెకరం అరెకరంగానే ఉంది.

ఒక్కసారిగా ఆరిపోలేదు. వందేళ్ళ నాటి ఇటుక, నెలలు పడుతుంది. మేం మార్చిలో బయల్దేరేటప్పటికి 27 ఉన్నది 23 అయింది. సెప్టెంబరులో అమ్మాయి ఫోన్లో చెప్పింది, రెండు కొసల్లోనూ 18 లోపే అని. పాప ఆ కిటికీ దగ్గరే పాకుతోంది.

ఇక్కడితో ఆపితే మీరు ఒకటే మాట పట్టుకుపోతారు, చిల్లులు తెరిస్తే నెమ్ము పోతుంది అని. అది సగం నిజమే. ఎందుకో వినండి.

మా తమ్ముడి కొడుకు అమెరికాలో నార్త్ కరోలినాలో ఉంటాడు. వాళ్ళింటికీ చెక్క నేలే, కిందంతా ఖాళీయే. నేను ఈ కథ చెప్తే వాడన్నాడు, పెదనాన్నా, మాకు ఆ చిల్లులు మూసేశాకే నేల ఆరింది అని. ముందు నమ్మలేదు. తర్వాత ఆలోచిస్తే రెండూ నిజమే.

గాలి నీళ్ళని మోస్తుంది, కానీ వేడిగాలి ఎక్కువ మోస్తుంది, చల్లగాలి తక్కువ మోస్తుంది. 30 డిగ్రీల గాలి ఘనపు మీటరుకి సుమారు 30 గ్రాముల నీరు మోయగలదు. 20 డిగ్రీలైతే సుమారు 17 గ్రాములు. 10 డిగ్రీలైతే 9 గ్రాములే. కరోలినాలో ఎండాకాలం మన శ్రావణమాసంలాగా ఉక్క. ఇంట్లో ఏసీ, అందుకని నేల కిందంతా చల్లగా ఉంటుంది. ఆ ఉక్కగాలి చిల్లుల్లోంచి దూరి చల్లటి దూలానికి తగలగానే మోయలేని నీళ్ళు అక్కడే దింపేస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబుకి చెమట పట్టినట్టు. ఆ రాష్ట్రంలోనే ప్రిన్స్‌విల్ అనే ఊళ్ళో 12 ఇళ్ళు తీసుకుని పోల్చి చూశారు. మట్టి మీద ప్లాస్టిక్ పరిచి చిల్లులు మూసిన ఇళ్ళే, చిల్లులున్న ఇళ్ళకంటే పొడిగా ఉన్నాయి. ఇంగ్లండులో బయటిగాలి ఏడాదిలో ఎక్కువ రోజులు చల్లగా ఉంటుంది. ఆ గాలి మోసుకొచ్చే నీరు తక్కువ, కాబట్టి ఆరబెడుతుంది. అందుకే అక్కడి నిబంధన ఇప్పటికీ గాలి ఆడాలనే చెప్తుంది. కొత్తగా చెక్క నేల వేస్తే, గోడ పొడుగు మీటరుకి 1500 చదరపు మిల్లీమీటర్ల చిల్లో, నేల చదరపు మీటరుకి 500 చదరపు మిల్లీమీటర్ల చిల్లో, రెండింట్లో ఏది ఎక్కువైతే అది ఉండాలి.

రెండు చోట్లా ఒకటే సూత్రం. నీళ్ళు ఎటు నుంచి వస్తున్నాయి? మట్టిలోంచా, వానలోంచా, గాలిలోంచా? అది తెలిస్తేనే తెరవాలో మూయాలో తెలుస్తుంది. రెండు చోట్లా పనికొచ్చింది మాత్రం ఒకటుంది, వాన నీళ్ళని ఇంటికి దూరంగా పంపడం. మట్టి మీద ప్లాస్టిక్ కూడా చాలాచోట్ల మేలే చేస్తుంది. న్యూజిలాండులో అద్దె ఇంటి కింద చుట్టూ మూసిన ఖాళీ ఉంటే ఆ మట్టి మీద షీటు పరిచి తీరాలని ఏకంగా చట్టమే ఉంది.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. మనకి చెక్క నేలల్లేవు, మనకేంటి అంటారా?

మీ వీధి చూడండి. మా వీధిలో సిమెంటు రోడ్డు మూడుసార్లు వేశారు. పాతది తవ్వకుండా ప్రతిసారీ దాని మీదే వేశారు. నా చిన్నప్పుడు మా అరుగుకి మూడు మెట్లుండేవి, ఇప్పుడు ఒకటుంది. ఎదురింట్లో మెట్టే లేదు, వానొస్తే నీళ్ళు గడప దాటుతాయి. మన పునాది మీద వేసిన బెడ్డు ఇప్పుడు రోడ్డు కంటే కిందకి పోయింది. రెడింగ్‌లో కారు బండలు ఏం చేశాయో ఇక్కడ రోడ్డు అదే చేస్తోంది. గోడ అడుగున చవుడెక్కి పెచ్చులూడుతోంది. అప్పుడు మనం ఏం చేస్తున్నాం? మూడడుగుల ఎత్తు టైల్స్ అతికిస్తున్నాం. ఏడాది తిరక్కుండా నెమ్ము టైల్స్ పైన తేలుతోంది. నీళ్ళు ఇటుకలోనే ఉన్నాయి, బయటకి ఆరే దారి మూసేశాం కాబట్టి పైకెక్కాయి. తర్వాత రంగుల షాపతను నెమ్ము మందు డబ్బా ఇస్తాడు. వేలకి వేలు.

డబ్బా కొనేముందు ఇవి చూడండి.

గోడ పక్కన నేల ఇంట్లో గచ్చు కంటే కిందుందా, పైనుందా? మట్టి, పేడకుప్ప, కొబ్బరి డొక్కలు, ఇటుకలు గోడకి ఆనించి ఉంటే తీసేయండి. కుదిరితే గోడ పొడుగునా జానెడు వెడల్పున తవ్వి కంకర వేసి, నీళ్ళు డ్రైనులోకి వాలేట్టు చేయండి. చూరు నీళ్ళు, స్నానాల నీళ్ళు, అంట్ల నీళ్ళు గోడ మొదట్లో పడకుండా చూడండి. అరటి పిలక గోడ పక్కన వేసి రోజూ నీళ్ళు పోస్తుంటే ఆ నీళ్ళు అరటి ఒక్కటే తాగదు.

నేల నెమ్ము ఎటు నుంచో తెలియకపోతే ఒక చిన్న పరీక్ష. అడుగు చదరం పాలిథిన్ కాగితం గచ్చు మీద పరిచి నాలుగు పక్కలా టేపు అతికించి ఒకటి రెండు రోజులు వదిలేయండి. కాగితం కింద తడి ఉంటే అది మట్టిలోంచి వస్తున్న నీళ్ళు. కాగితం పైన తడి ఉంటే గాలిలోంచి దిగుతున్న నీళ్ళు. ఖర్చు రూపాయి.

ధాన్యం నిలవ చేసేవాళ్ళకి మరీ ముఖ్యం. ఎఫ్.సి.ఐ. వాళ్ళు ఆరుబయట నిలవ చేసిన రోజుల్లో కూడా అరుగు కట్టి, చెక్క క్రేట్లు పరిచి, వాటి మీదే బస్తాలు పేర్చేవాళ్ళు. పైన నల్ల కవరు కప్పేవాళ్ళు, పొడి రోజుల్లో కవరు ఎత్తి గాలి తగలనిచ్చేవాళ్ళు. మనం గచ్చు మీదే వరస వేసేసి గోడకి ఆనించేస్తాం. కనీసం కింద ఒక పాలిథిన్ షీటు, దాని మీద చెక్కలో తాటి దుంగలో వేసి, గోడకి అడుగున్నర జాగా వదలండి. మనిషి పక్కకి తిరిగి నడిస్తే చాలు. గోడౌను తలుపులు ఎప్పుడు తెరవాలి అంటే, సంక్రాంతి రోజుల్లో ఎండెక్కిన మధ్యాహ్నం తెరవండి. పొద్దున్నే మంచు కురిసేటప్పుడు, ముసురు పట్టినప్పుడు గాలి ఆడుతుందిలే అని తెరిస్తే, కరోలినా ఇంటిలాగా నీళ్ళని మనమే లోపలికి పిలిచినట్టు.

ఇంకో మాట పంచాయతీల సంగతి. ఈసారి మీ వీధికి రోడ్డు శాంక్షనయితే, పని మొదలు కాకముందే నలుగురూ కలిసి వెళ్ళి అడగండి. పాత రోడ్డు తవ్వి తీసి అదే ఎత్తున వేయమనండి. డ్రైను రోడ్డు కంటే కిందుందో లేదో చూడమనండి. రోడ్డు వేశాక అరిచి లాభం లేదు. నాలుగంగుళాల మెరక కాంట్రాక్టరుకి ఒక రోజు పని, మన గోడకి జీవితకాలం నెమ్ము.

ఇల్లు కొనే పిల్లలు విదేశాల్లో ఎవరికైనా ఉంటే వాళ్ళకీ చెప్పండి. పాత చెక్క నేల ఇల్లయితే కొనేముందు బయట గోడ అడుగున చిల్లుల ఇటుకలు లెక్కపెట్టుకోమనండి. ముందున్నాయా, వెనకున్నాయా, నేలలో కూరుకుపోయాయా చూడమనండి. చలిగాలి వస్తోందని వాటిలో గుడ్డలు, కాగితాలు కుక్కేవాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారట, అలా చేయొద్దనండి. ఉచితంగా చూసిపెడతాం అన్నవాడికి టీ ఇచ్చి పంపించి, డబ్బు తీసుకుని నిజం చెప్పేవాణ్ణి పిలవమనండి.

మీ వీధిలో రోడ్డు ఎన్నిసార్లు లేచిందో, మీ గోడ నెమ్ము ఎక్కడిదో రేపు పొద్దున ఒకసారి ఇల్లు చుట్టూ తిరిగి చూడండి. చేతిలో మీటరు అక్కర్లేదు, వంగి చూస్తే చాలు.